ఆ రుచి ఎవరి జ్ఞాపకం?

కిందటి దసరాకి కరీంనగర్‌లో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాం. మగవాళ్ళంతా మేడమీద చేరారు. నేను గుడాల గిన్నె పట్టుకుని పైకి వెళ్ళేసరికి ఆడబిడ్డ భర్త అంటున్నాడు - "ఇప్పటి బీర్లు గూడ బీర్లేనా? ఆ రోజుల్ల గోల్డెన్ ఈగిల్ తాగుతుంటే..." ఆ సీసా మీది గద్ద బొమ్మ కూడా ఆయనకి గుర్తుంది. మాట మెల్లగా సారా ప్యాకెట్ల మీదికి మళ్ళింది. ప్యాకెట్ మూల పంటితో కొరికి తాగిన కథలు, నవ్వులు.

గిన్నె అక్కడ పెట్టి దిగొచ్చేశాను. ఆ ప్యాకెట్లు నాకూ గుర్తున్నాయి. మా ఇత్తడి గంగాళం తాకట్టుకు పోయిన రోజు అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఆ సారాని ఊరూరా చేర్చడానికి 1980లలో ప్రభుత్వమే పథకం పెట్టి, దానికి 'వారుణి వాహిని' అని ఎంతో అందమైన పేరు పెట్టింది! జనానికి మొహం మొత్తి ఆ ప్యాకెట్లు పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకితే, 1993 అక్టోబర్ 1 నుంచి సారా ఆగింది. మేడమీద వాళ్ళు దేనికి బెంగ పడుతున్నారో దాన్ని ఆపించింది మేమే. వాళ్ళ బెంగలో ఆ సంగతే ఉండదు.

ఇంతవరకూ తేలిక. చిక్కంతా నా దగ్గర ఉంది.

మా బాపమ్మ కల్లు తాగేది. నాట్లు వేసి వచ్చిన సాయంత్రం తోటి ఆడవాళ్ళతో చెట్టు కింద కూర్చుని, మోదుగాకు దొప్పలో ఈతకల్లు పోయించుకునేది. నాకూ సగం దొప్ప. కొంచెం తీపి, కొంచెం పులుపు, పైన నురగ. ఆ గంటసేపు ఆమెను ఎవరూ 'నీళ్ళు తే' అనేవాళ్ళు కాదు. కాలేజీకి వెళ్ళాక ఆ దొప్ప గురించి సిగ్గుపడడం నేర్చుకున్నాను. సారా వ్యతిరేక సభలో మాట్లాడి వచ్చిన రాత్రి ఆమె అడిగింది - "నా కల్లు గూడ బందువెడ్తవా బిడ్డా?" నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ ఆ మౌనం నన్ను కుదురుగా ఉండనివ్వదు.

తర్వాత ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు రెండేళ్ళు టీచరుగా ఉన్నాను. ఎండాకాలం మొదట్లో తెల్లారకముందే గోండు ఆడవాళ్ళు రాలిన ఇప్పపువ్వు ఏరేవాళ్ళు. ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక బట్టీ పెట్టేవాళ్ళు. ఆ సారాలో మొదటి చుక్కలు పెద్దలకి. చట్టం ప్రకారం అది నేరం. "పెద్దలకు ఇంకేం పొయ్యాలె టీచరమ్మా?" అని ఒకామె అడిగింది. అయితే ఆమె కొడుకు తాగొచ్చిన రాత్రి కోడలు బయట గోడకి ఆనుకుని కూర్చోవడం కూడా చూశాను. అడవిదైనంత మాత్రాన ఆ రాత్రి మారలేదు.

మరి తాగుడు మీద బెంగ తప్పా, ఒప్పా? తాగినదేమిటి అన్నది చూస్తే నాకు తేలడం లేదు. ఎవరు పోశారు, ఎవరు తాగారు, దానికి ఎవరి గంగాళం పోయింది అని అడిగితే కొంత తేలుతోంది. పూర్తిగా కాదు. బాపమ్మ కల్లు డబ్బులు కూడా ఇంటి డబ్బులే కదా! ఇవాళ డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు తాగి మనుషులు పాడవుతుంటే, అసలు ఈతకల్లు కావాలని నేను ఎక్కడ నిలబడి అడగాలి? ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పుడు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. తిన్నాను, బాగున్నాయి. కానీ పెద్దలకు పోసేది లడ్డూ కాదు.

ఆ రాత్రి గిన్నె తెచ్చుకోవడానికి మళ్ళీ పైకి వెళ్ళాను. "నువ్వెప్పుడన్న రుచి చూసినవా చెల్లె?" అని అన్నయ్య నవ్వుతూ అడిగాడు.

"తాగిన. ఈతకల్లు. మా బాపమ్మ పోసింది."

ఎవరూ నవ్వలేదు. మా ఆయన గిన్నెలో మిగిలిన గుడాలు ఏరుకుంటూ తల ఎత్తలేదు.