విందు పెద్ద నాలుక

క్రిస్మస్ సెలవులకు మా విచారణ పిల్లలు ఊరికి వచ్చినప్పుడు దేవాలయ ప్రాంగణం కళకళలాడుతుంది. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి వస్తారు. మా నెల్లూరు తీరం సంగతి మీకు తెలిసిందే. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క రొయ్యల గుంటలు. చదువుకున్నవాడికి ఇక్కడ పని దొరకడం కష్టం. అందుకే వాళ్లు ఉన్న పది రోజులూ ఇంటింటా పండుగే.

పోయిన క్రిస్మస్ రాత్రి ఒక ఇంటివారు భోజనానికి పిలిస్తే వెళ్లాను. డాబా మీద నలుగురు యువకులు కూర్చుని ఉన్నారు. ముందు బల్ల మీద ఎనిమిది రకాల బీరు సీసాలు, చిన్న చిన్న గ్లాసులు, ఒక నోటుపుస్తకం. పెద్ద కంపెనీల బీరు కాదట. కొద్దికొద్దిగా, శ్రద్ధగా, రకానికొక రుచి వచ్చేలా చేసే బీరట. రంగుకు ఇన్ని, వాసనకు ఇన్ని, చివరన నాలుక మీద మిగిలే చేదుకు ఇన్ని అని పదికి మార్కులు వేస్తున్నారు. రాష్ట్రం ఎల్ల దాటించి ఇన్ని సీసాలు తేవడానికి చట్టం ఒప్పుతుందా అని అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

"ఫాదర్, మేం తాగడం లేదు, రుచి చూస్తున్నాం. మత్తు కావలసినవాడికి రుచితో పనిలేదు. రుచి చూసేవాడికి మత్తు అడ్డం" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. రెండు గుక్కలు తాగి, కాసేపు ఆలోచించి, ఏడు మార్కులు వేశాను. ఆ ఏడు మార్కుల గురించే ఈ వారం రాస్తున్నాను.

ప్రియ పాఠకులారా, ఆ అబ్బాయి మాటను తేలికగా తీసిపారేయకూడదు. అందులో తర్కం ఉంది. శ్రద్ధగా రుచి చూసేవాడు గటగటా తాగలేడు. సృష్టిలోని పదార్థాలు చెడ్డవని మన తల్లి శ్రీసభ ఏనాడూ బోధించలేదు. అలా బోధించినవారిని పునీత అగుస్తీనువారు గట్టిగా ఎదిరించారు. అసలు సువార్తలోనే ఒక రుచి చూసేవాడు ఉన్నాడు. కానా పెండ్లిలో విందు పెద్ద. నీళ్లు ద్రాక్షరసంగా మారాక ముందుగా రుచి చూసి, ఇదే మేలైనదని తీర్పు చెప్పింది ఆయనే. ఆయన తీర్పు తప్పు కాదు కూడా. అయితే యోహానుగారు పక్కనే ఒక చిన్న సంగతి చేర్చారు. అది ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలియదు, నీళ్లు తోడిన పనివాళ్లకు తెలుసు. సెమినరీలో ఉన్నప్పుడు ఈ వాక్యాన్ని ఎన్నోసార్లు చదివాను గాని, దాని బరువు నాకు పోయిన డిసెంబరులోనే తెలిసింది.

తిండిపోతుతనం అంటే ఎక్కువ తినడమే అని మనం అనుకుంటాం. ఆరవ శతాబ్దంలో పోపుగారైన మహా గ్రెగోరీ దానికి ఐదు రూపాలు చెప్పారు. వేళకు ముందే తినడం, ఖరీదైనవే కావాలనడం, అతిగా తినడం, ఆబగా తినడం, ఇక ఐదవది మరీ నాజూకుగా, ఏరి ఏరి, వంకలు పెడుతూ తినడం. కొంచెమే తిన్నా ఈ ఐదవది ఉండవచ్చు. రెండు గుక్కలకు ఏడు మార్కులు వేసినవాడు ఇందులోకి వస్తాడా? వచ్చి తీరతాడని నేను అనను. మా అమ్మ నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క ఏ పాటి పులుపో ఒక్క చుక్కతో చెప్పేది. అది ఆమె నేర్పు. ఏరి తినడం వేరు, ఎరిగి తినడం వేరు.

బెల్జియం దేశంలో వెస్ట్‌వ్లెటెరెన్ అనే ఊళ్లో పునీత సిక్స్తు పేరిట ఒక ట్రాపిస్టు మఠం ఉంది. అక్కడి సన్యాసులు 19వ శతాబ్దం నుంచీ బీరు తయారుచేస్తున్నారు. కొన్ని దశాబ్దాలపాటు సీసాలకు చీటీ కూడా అంటించలేదు, మూత చూసి గుర్తుపట్టాల్సిందే. 2005లో ఇంటర్నెట్‌లో బీర్లకు మార్కులు వేసేవాళ్లు అక్కడి బీరును ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిపారు. మఠం ముందు కార్లు బారులు తీరాయి, సరుకు అయిపోయింది. మన వ్యాపారి అయితే మరుసటి నెలకే రెండో బట్టీ పెట్టేవాడు. ఆ సన్యాసులు ఉత్పత్తి పెంచలేదు. మఠం గడవడానికి ఎంత కావాలో అంతే చేస్తామన్నారు. కొన్నవాళ్లు తిరిగి అమ్మవద్దని కోరారు. 2012లో మాత్రం మఠం భవనాల నిర్మాణం కోసమని ఒకసారి విదేశాలకు పంపారు. ఆ బీరుకు లోకం వేసిన మార్కు వారి ప్రార్థన వేళలను కదిలించలేదు. ఈ కథ మా అబ్బాయిలకు చెబితే వాళ్లకు ఎంతో నచ్చింది. నాకూ నచ్చింది. నేను చెప్పిన తీరు చూసి నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలో ఒక మనిషిని చూడలేదు.

ఆ అబ్బాయి చిన్నాన్న మెట్ల దగ్గర పీట మీద కూర్చుని ఉన్నాడు. పడవ మనిషి. ఇరవై ఏళ్లు తాగి, ఆరేళ్ల క్రితం మానేశాడు. ఎలా మానాడో నాకు తెలుసు. ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం దేవాలయం వెనక గదిలో చేతులు వణుకుతూ కూర్చునేవాడు. "చిన్నాన్నా, నీ నాలుకే అసలు నాలుక, నువ్వు చెప్పు" అని ఒకడు గ్లాసు అందించాడు. ప్రేమగానే అందించాడు. ఆయన తీసుకుని వాసన చూశాడు.

"దీంట్లో ధనియాలు ఏశారురా. నారింజ తొక్క గూడా ఉండాది" అన్నాడు.

సీసా తిప్పి చూస్తే నిజమే. గోధుమతో చేసే ఒక రకం బెల్జియం బీరులో అవి రెండూ వేస్తారట. అందరం చప్పట్లు కొట్టాం. నాకు హ్యూమ్ అనే స్కాట్లండు తత్త్వవేత్త 1757లో అభిరుచి గురించి రాసిన వ్యాసం గుర్తొచ్చింది. ఇద్దరు మనుషులు పీపాలోని ద్రాక్షరసం రుచి చూసి, ఒకడు తోలు వాసన అంటాడు, ఇంకొకడు ఇనుము రుచి అంటాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుపట్టీ కట్టిన తాళంచెవి దొరుకుతుంది. అదీ చెప్పాను. చెప్పడం అయ్యేసరికి చిన్నాన్న గ్లాసు తాగకుండానే బల్లమీద పెట్టి కిందికి దిగిపోయాడు. భోజనానికి రాలేదు.

మరునాడు పొద్దున పూజ కాగానే ఆయన భార్య వచ్చింది. 1992లో దూబగుంటలో రోశమ్మగారూ, ఆ ఊరి ఆడవాళ్లూ సారాకు ఎదురు తిరిగినప్పుడు ఈమె కొత్త కోడలు. పుట్టింటి ఊళ్లో సారా దుకాణం ముందు బైఠాయించిన ఆడవాళ్లలో ఈమె ఒకతె. అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ చదివినవాళ్లు కలెక్టరు ఆఫీసు దాకా వెళ్లి వేలంపాటలు ఆపించిన రోజులవి. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. ఈమె ఇంట్లో మాత్రం నిషేధం ఆరేళ్ల క్రితమే మొదలైంది.

"మీరూ ఆడ ఉండారంట గదా సామీ?" అంది. అంతే అడిగింది. గొంతు పెంచలేదు.

ఉన్నానమ్మా అన్నాను. ఆయన ఎలా ఉన్నాడని అడిగితే, రాత్రంతా నిద్రపోలేదని, ఆ వాసన ముక్కులోంచి పోవడం లేదన్నాడని, తాగలేదని చెప్పింది. తెల్లవారుజామున పడవ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడట.

పునీత అక్వీనా తోమాసువారు మద్యం దానంతటది పాపం కాదని స్పష్టంగా రాశారు. వెంటనే నాలుగు సందర్భాలు చెప్పారు. తాగితే సులభంగా చెడిపోయే మనిషి తాగడం, తాగనని ప్రమాణం చేసినవాడు తాగడం, మోతాదు మించడం, చూసే ఇతరులకు ఆటంకం కలిగేలా తాగడం. మేము ఆ రాత్రి మూడవదాని గురించే వాదించుకున్నాం. గ్లాసులు చిన్నవి కాబట్టి గెలిచామనుకున్నాం. మొదటిదీ రెండవదీ మెట్ల దగ్గర పీట మీద ఉన్నాయి. నాలుగవది మేమే. మితంగా ఉండవలసినవారు ఎవరెవరో కూడా తోమాసువారు చెప్పారు. అందులో యౌవనస్థులతోపాటు శ్రీసభ సేవకులూ ఉన్నారు. అది నాకు పరీక్షలో వచ్చిన ప్రశ్నే.

పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ ఎనిమిదవ అధ్యాయంలో మాంసం గురించి చెప్పిందీ ఇదే సంగతి. తినేవాడికి తెలివి ఉంది, స్వేచ్ఛ ఉంది. అయినా తన తిండివల్ల సోదరుడు పడిపోతాడనుకుంటే తాను ఆ మాంసం ముట్టనన్నాడు. మాంసం చెడ్డదని ఆయన అనలేదు.

ఆ అబ్బాయితో తరువాత మాట్లాడాను. "అంటే ఎవరూ ఎప్పుడూ తాగకూడదా ఫాదర్?" అని అడిగాడు. అలా చెప్పలేనన్నాను. బెంగళూరులో అతని స్నేహితుల మధ్య ఆ నోటుపుస్తకం గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కాస్త డబ్బు దండగ అంటాను, అంతే. ఈ డాబా మీద మాత్రం వద్దన్నాను. అతను వాదించలేదు. సాయంత్రం చిన్నాన్నతో కలిసి వల బాగుచేస్తూ కనిపించాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నేనూ చిన్నాన్న ఇంటికి వెళ్లాను. తప్పు నాది కూడా అని చెప్పాను. ఆయన నవ్వి, "ధనియాలు కరెక్టుగా చెప్పినా గదా సామీ" అన్నాడు. భార్య నవ్వలేదు. టీ ఇచ్చింది.