తొండి

మా మనవడు సెల్‌ఫోన్‌లో మనుషుల్ని చంపుతూ ఉంటాడు. రోజుకో పదిమందినైనా చంపందే వాడికి అన్నం సయించదు. చీమను తొక్కినా అయ్యో అనే పిల్లాడు, ఇంటర్ రెండో ఏడు చదువుతున్నవాడు, తుపాకి పట్టుకుని డాబాల మీద పాకుతుంటే నాకు కడుపులో దేవినట్టుండేది.

"ఎందుకురా ఈ పాపం?" అన్నానొకరోజు.

"పాపమేంది నానమ్మా? ఆ చచ్చినోడు మా దోస్తే. ఇప్పుడే మళ్లొస్తడు చూడు" అన్నాడు, తలెత్తకుండా.

అలాంటివాడు మొన్న ఫోను మంచం మీద విసిరికొట్టాడు. అవతలివాడెవడో గోడల వెనక ఉన్నవాళ్ళు కూడా కనబడే దొంగ ప్రోగ్రాం పెట్టుకుని ఆడాడట. "తొండి నానమ్మా, తొండి!" అని ఒకటే గోల. కంపెనీకి ఫిర్యాదు కూడా పెట్టాడు. ఆటే కదరా అంటే, "ఆటల రూలే లేకుంటే ఇంకేముంటది?" అన్నాడు. పదిమందిని చంపినప్పుడు రాని కోపం, ఒకడు తొండి చేస్తే వచ్చింది!

నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. మా పుట్టిల్లు పాలమూరు వైపు. ఎండాకాలం సెలవుల్లో అరుగు మీద వైకుంఠపాళి పటం పరిచేవాళ్ళం. గవ్వలు దొరక్కపోతే చింతగింజలు ఒకవైపు అరగదీసి వేసేవాళ్ళం. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. పిల్లలకు నీతి నేర్పే ఆట అనేవారు పెద్దవాళ్ళు. నిజం చెప్పొద్దూ, ఆ పటం మీద నేను నేర్చిన నీతి ఏమీ లేదు. పైదాకా ఎక్కాక పెద్దపాము నోట్లో పడబోతుంటే, చెల్లెలు అటు తిరిగిన క్షణంలో కాయను ఒక గడి జరిపాను. పాపం, అది ఓడిపోయి ఏడ్చింది. పటం నిండా పుణ్యమే. పాపం చేసింది నా వేలు.

వీడి ఫోను నిండా హత్యలే. వేలు మాత్రం శుభ్రంగా ఉంది.

అంటే నీతి బొమ్మలో ఉండదేమో! ఎదుటివాడు నిజంగా ఏదైనా పోగొట్టుకుంటున్నాడా అన్నదే చూడాలేమో! పేకముక్కల్లో తుపాకి లేదు, రక్తం లేదు. కానీ పోయేది నిజం డబ్బు, ఏడ్చేది నిజం ఇల్లాలు. అందుకే గదా తెలంగాణలో 2017లోనే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది.

ఈ సిద్ధాంతం నాకే ముద్దుగా తోచి మనవడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "మరి మొన్న ఎలక్షన్లప్పుడు కవరు తీస్కున్నవు గద నానమ్మా?" అన్నాడు.

ఏ ఎన్నికో, ఎవరి కవరో అడక్కండి. వీధిలో అందరికీ పంచారు. వద్దంటే గొడవని తీసుకుని దేవుడి గూట్లో పెట్టాను. ఇచ్చినా పుచ్చుకున్నా నేరమేనని తెలియక కాదు.

"ఓటు మాత్రం నాకు నచ్చినవాళ్ళకే వేశాన్రా" అన్నాను.

"అయితే ఎవర్ని మోసం చేసినట్టు? పైసలిచ్చినోళ్లనా, మమ్మల్నా?"

జవాబు లేదు. ఆ డబ్బులో కొంత వాడి ఫోను రీచార్జికే పోయిందన్న సంగతి కూడా అప్పుడు చెప్పలేకపోయాను.

మా నల్లగొండలోనే ఇంకో తరహా మనుషులూ ఉన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయా? బావినీళ్ళలో ఫ్లోరైడు తాగి తాగి నడుములు వంగినవాళ్ళు, కాళ్ళు వంకరపోయినవాళ్ళు ఉన్న జిల్లా మాది. నీళ్ళివ్వండని అడిగి అడిగి విసిగిపోయి, జనం కుప్పలుగా నామినేషన్లు వేశారు. ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీ! బ్యాలెట్ కాయితం పుస్తకమంత అయింది. చూడబోతే ఎన్నికలతో పరాచికంలా ఉంటుంది. కానీ వాళ్ళు ఒక్క నియమమూ తప్పలేదు. ధరావతు కట్టారు, సంతకాలు పెట్టారు, దేశం తమవైపు తిరిగి చూసేలా చేశారు. మామూలు అభ్యర్థికి 500 రూపాయలున్న ఆ ధరావతును ఆ ఏడాదే 10,000 చేశారు. అంత నీతిగా ఆడిన ఆట మరొకటి నేను చూడలేదు.

అదే జిల్లాలో మునుగోడు ఉప ఎన్నిక 2022 నవంబరులో వచ్చింది. 93 శాతం ఓట్లు పడ్డాయి. మురిసిపోవలసిన లెక్కే. కానీ ఆ రోజుల్లో పత్రికలు తిరగేస్తే డబ్బు పంపకాల కబుర్లే. చదివి, నాలుక చప్పరించి, పక్కన పెట్టేశాం. మా మనవడిలా ఫోను విసిరికొట్టేంత కోపం మనలో ఎవరికొచ్చింది చెప్పండి?

ఇప్పుడు నేను వాణ్ణి ఎందర్ని చంపావని అడగడం మానేశాను. డబ్బు పెట్టావా, తొండి చేశావా, ఈ రెండే అడుగుతాను. రీచార్జి సంగతి కూడా చెప్పేశాను. వాడు నవ్వలేదు.

వచ్చే ఎన్నికలకు వాడికి పద్దెనిమిది నిండుతాయి. ఇద్దరం కలిసే వెళ్ళాలి ఓటుకు. వేలికి సిరా పెట్టించుకుని బయటికొచ్చాక, వాడు ముందు చూసేది నా వేలునే.