ఒప్పించు విద్య

ఇతరులను మన యభిప్రాయమునకు ఒప్పించు నేర్పు ఎట్లలవడునని ఓరుగల్లునందు న్యాయవాదవృత్తిలో నూతనముగా ప్రవేశించిన యువకులు మమ్ము తఱచుగా అడుగుచుందురు. ప్రతివాదిని నిరుత్తరుని చేయుట యొకటి, ఒప్పించుట మఱియొకటి. గౌతముని న్యాయసూత్రములలో ఈ భేదము స్పష్టముగానే యున్నది. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే కోరి చేయునది జల్పము. స్వపక్షమును స్థాపింపక పరపక్షమును ఖండించుటయే పనిగా గలది వితండ. న్యాయస్థానము మనకు జల్పమును చక్కగా నేర్పును. అచ్చట తీర్పు చెప్పువాడు వేఱొకడుండును గనుక ప్రతిపక్షి మనస్సు మాఱవలసిన పని లేదు. ఇంటను సభయందును తీర్పరి ప్రతిపక్షియే!

వితంతువివాహవాదమును చూడుడు. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ప్రకటించిన గ్రంథములయందు పరాశరస్మృతిని ప్రమాణముగా గైకొనిరి. 1856లో శాసనము వచ్చెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారును 1879లో రాజమహేంద్రవరమున ఉపన్యసించి, అట్టి వివాహములు శాస్త్రసమ్మతములే యని పండితులతో వాదించి, 1881 డిసెంబరు 11వ తేదిని మొదటి వివాహమును జరిపించిరి. శ్రోతలు స్మృతులను నమ్మువారు. వారు నిలిచిన నేలపైననే నిలిచి మాటాడవలసివచ్చెను.

ఇచ్చట నొక ధర్మసందేహము కలుగును. బుద్ధియు అంతఃకరణమును మాత్రమే ప్రమాణములని తలచువాడు స్మృతివాక్యములతో వాదించుట కపటము కాదా? తానొప్పని మాటను విచారణకై తాత్కాలికముగా అంగీకరించుటను నైయాయికులు అభ్యుపగమసిద్ధాంతమనిరి. "మీ ప్రమాణమును బట్టియే యిది సిద్ధించుచున్నది" అని బాహాటముగా చెప్పువానియందు మాకు దోషము కానరాదు. తనకును అదియే ప్రమాణమైనట్లు నటించువాని గతి వేఱు. శాస్త్రము అనుమతించినదని యొక బాలికకు మేలు చేసెను, సరే. రేపు వేఱొక బాలికకు అదే శాస్త్రము అడ్డుపడినపుడు వాడేమి చెప్పగలడు?

ఇంక వినుటను గూర్చి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని నాటకశాలలో కార్వేగారి యధ్యక్షతను సంఘసంస్కారసభ జరిగినపుడు, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెనుగున మాటాడ మొదలిడగా సభికులు గేలి చేసిరి. సంస్కర్తల సభలోనే! ఆయన వాదము బలమైనదో కాదో విచారించువారే లేకపోయిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను.

హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయము వంటి చోట్ల కూడు యువకులకు మేము చెప్పునది యిది. తమ పక్షమును అటుంచి, ముందుగా ఎదుటివాని పక్షమును వానికంటె చక్కగా చెప్పి, "ఔను, నా మాట యదియే" యని వానిచేత ననిపించుకొనుడు. మన భాష్యకారులు పూర్వపక్షమును ముందుంచుట ఇందులకే. అదియు పండితులకు మాత్రమే కాక, ఇంటిలోని ముసలమ్మకును తెలియు తెనుగున చెప్పవలెను. ఇది కష్టమే. అట్లు చెప్పుచుండగా పూర్వపక్షమే నిజమేమో యను శంక మనకే పొడమవచ్చును. పొడమినచో దానిని దాచుకొని యింటికి పోక, ఆ సభలోనే చెప్పవలయును.