పిడికెడంటే ఎంతో అడిగి పెట్టుకో, అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

మొన్న ఆదివారం ఫోన్ చేసి, "అవ్వా, చేపల పులుసు ఎట్ట పెట్టాలో చెప్పు, రాసుకుంటా" అన్నావు. నేనేమో బెండకాయలు తరుక్కుంటా, చింతపండు పిడికెడు, కారం చారెడు, ఉప్పు తగినంత అని గబగబా చెప్పేశాను. రాత్రికి నువ్వు పంపిన ఫోటో చూశాను. పులుసు నీళ్ళల్లే ఉంది, ముక్కలు విరిగిపోయినాయి, మామిడికాయ కరిగి గుజ్జయింది. "నీ చేతి రుచి రాలేదవ్వా" అని కింద రాశావు. అప్పటినుంచి నా మనసు మనసులో లేదు. తప్పు నీది కాదు తల్లీ. నేను చెప్పిందంతా నా చేతి కొలత. ఆ చెయ్యి బెంగళూరులో నీ దగ్గర లేదు కదా.

అందుకని తీరిగ్గా కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నా. నీకే కాదు, డల్లాస్‌లో ఉన్న మీ అన్నకూ, ఊరు విడిచి పోయిన మనింటి పిల్లలందరికీ ఇదే చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా. పెద్దవాళ్ళ వంటలూ వాళ్ళ ముచ్చట్లూ వాళ్ళు వండుతుండగానే, వాళ్ళ పక్కన కూర్చుని పట్టుకోవాలి. ఇది నేను పోగొట్టుకుని తెలుసుకున్న సంగతి.

నా పుట్టిల్లు తూపిలిపాళెం దగ్గర పల్లె అని నీకు తెలుసు. తెల్లారేసరికి పట్టపుపాళెం ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. మీ అమ్మ పుట్టినప్పుడు మా అమ్మ నాకు పాలసొర పుట్టు చేసి పెట్టింది. బాలింతకు పాలు పడాలని మన సముద్రపు ఒడ్డున పెట్టే కూర అది. పొడిపొడిగా, వెల్లుల్లి ఘాటుతో, నీచన్నదే లేకుండా ఉండేది. తర్వాత నువ్వు పుట్టావు. మీ అమ్మకు అదే పుట్టు చేసి పెట్టాలని నాకెంత ఆశో. అప్పటికి మా అమ్మ లేదు. అయినా, బతికుండగా రెండుసార్లు అడిగి గుర్తు పెట్టుకున్నా కదా అనే ధైర్యం. సొర ముక్కలు పసుపు వేసి ఉడకబెట్టాను, తోలు తీశాను, చిదిపాను, ఉల్లిపాయ, పచ్చిమిరప, వెల్లుల్లి, కరివేపాకు వేయించి అందులో కలిపాను. ఆమె చెప్పినవన్నీ వేశాను. మీ అమ్మ ఒక్క ముద్ద తిని గిన్నె పక్కన పెట్టింది. కూర ముద్దకట్టి, నీచు కొట్టింది.

మూడేళ్ళ తర్వాత మా పిన్నమ్మ వచ్చి అదే కూర చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఉడికిన సొరను చిదిపి, పాత నూలుగుడ్డలో మూటగట్టి, నీళ్ళన్నీ కారిపోయేదాకా గట్టిగా పిండింది. అంతే! "ఇదెప్పుడూ అమ్మ చెప్పలేదే" అన్నాను. "చెప్పేదేముంది, ఎవరైనా పిండకుండా చేస్తారా?" అంది పిన్నమ్మ. అమ్మ దాచిందేమీ లేదు. ఆమెకు అది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు. అన్నం తినేముందు చెయ్యి కడుక్కోమని ఎవరికైనా ప్రత్యేకంగా చెబుతామా?

ఆ రోజు నాకర్థమయింది. అడిగితే నోరు చెబుతుంది, చూస్తే చెయ్యి చెబుతుంది. నలభై యేళ్ళు వండిన మనిషికి ఏది మరీ అలవాటయిపోయిందో, సరిగ్గా అదే చెప్పడం మరిచిపోతుంది. వంట గుట్టంతా ఆ మరిచిపోయిన దాంట్లోనే ఉంటుంది.

అందుకని, సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక్క కూరకు రెండు రోజులు కేటాయించు. మొదటిరోజు వంటింట్లో పీట వేసుకుని ఊరికే చూడు, చూసింది చూసినట్టు రాసుకో. రెండోరోజు నువ్వు వండు, నేను పీట మీద కూర్చుంటా. మధ్యలో నేను "ఆ ఆ, ఆగు" అన్న ప్రతిచోటా పుస్తకంలో ఒక గీత పెట్టుకో. నేను చెప్పకుండా వదిలేసినవి ఆ గీతల దగ్గరే బయటపడతాయి.

ఇక కొలతల సంగతి. నువ్వు ఫోటో పంపిన మర్నాడు, పక్కింటి కోడలి దగ్గర చిన్న త్రాసు తెచ్చి, నా పిడికెడు చింతపండు అందులో పెట్టి చూశాను. 80 గ్రాములు ఉంది. నీ చెయ్యి సన్నం, నీ పిడికిట్లో 50 పట్టడమే గొప్ప. పులుసు నీళ్ళల్లే ఎందుకుందో చూశావా? పెద్దవాళ్ళ చెయ్యి చట్టి మీదికి పోకముందే కింద త్రాసు పెట్టు. అట్టాగని పాతమాట కొట్టెయ్యొద్దు. "పిడికెడు, అంటే 80 గ్రాములు" అని రెండూ రాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ మాటలు మన వంటింట్లోనే పుట్టి పెరిగినాయి. మనం రాయకపోతే మీ పిల్లలకు వినే దారి కూడా ఉండదు.

ఇప్పుడు పులుసు సరిగ్గా చెబుతా, రాసుకో.

కిలో కొరమీను. అది దొరక్కపోతే వంజరం. ముక్కల్ని కల్లుప్పుతో రుద్ది మూడుసార్లు కడిగి, పసుపు, ఉప్పు, కాస్త కారం పట్టించి పక్కన పెట్టు. చింతపండు 80 గ్రాములు వేడినీళ్ళలో నానబెట్టి చిక్కగా పిండు. మామిడికాయ బాగా పుల్లనిదయితే 50 చాలు. రెండు చెంచాల దనియాలు, ఒక చెంచా జీలకర్ర, పావు చెంచా మెంతులు దోరగా వేయించి పొడి కొట్టు. మెంతులు మాడితే పులుసంతా చేదవుతుంది, వాసన రాగానే దించెయ్. మట్టిచట్టిలో నువ్వుల నూనె ధారాళంగా పోసి, ఆవాలు, కరివేపాకు, రెండు ఉల్లిపాయల ముక్కలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేయించు. రెండు టమాటాలు మగ్గాక నాలుగు చెంచాల కారం వేసి, వెంటనే చింతపండు పులుసు పొయ్యి. బాగా తెర్లి, నూనె పైకి తేలేదాకా ఆగు. అప్పుడు చేప ముక్కలు ఒక్కొక్కటే జారవిడిచి, అయిదు నిమిషాలకు తోలుతోనే కోసిన మామిడికాయ ముక్కలు వెయ్యి. మొదట్లోనే వేశావు కాబట్టే నీ మామిడికాయ కరిగిపోయింది. మరో ఏడెనిమిది నిమిషాలకు పొడి చల్లి దించు.

చేప పడ్డాక గరిట పెట్టొద్దు. గుడ్డతో చట్టి అంచులు రెండూ పట్టుకుని మెల్లగా తిప్పు, లేకపోతే ముక్క విరుగుతుంది. ఇంకొకటి. దించిన వెంటనే తినేసి రుచి లేదనొద్దు. పులుపూ ఉప్పూ ముక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి కావాలి. రాత్రి పెట్టిన పులుసు పొద్దున ఇడ్లీలోకో దోసెలోకో వేసుకుని తిని, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

ఎందుకు చేస్తామో ఆ కారణం కూడా పక్కనే రాయాలని ఇదంతా చెబుతున్నా. గరిట ఎందుకు పెట్టకూడదో తెలిసినవాళ్ళు నాన్‌స్టిక్ గిన్నెలోనైనా పులుసు చెడగొట్టరు. కారణం తెలియనివాళ్ళకు అది ఉత్త చాదస్తం, రెండు తరాల్లో వదిలేస్తారు. బియ్యమూ అంతే. నా చిన్నప్పుడు ఇంట్లో మొలగొలుకులు వండేవాళ్ళం. ఇప్పుడు మీరు కొనేది వేరే బియ్యం, దానికి నీళ్ళ లెక్క వేరు. ఏ బియ్యం, ఏ నూనె, ఏ నెలలో కాసిన మామిడికాయ అన్నది రాసుకుంటేనే రేపు నీ కూతురు తన ఊళ్ళో దొరికే వాటితో సర్దుకోగలుగుతుంది.

మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మన బీరువాలో ఉంది. కొత్త కాపురాలు పెట్టిన ఎంతమంది ఆడపిల్లలకు ఆ పుస్తకం పక్కన నిలబడి నేర్పిందో. నేనూ అందులో చూసి నేర్చుకున్నవున్నాయి. కానీ మా అమ్మ సొరను మూటగట్టి పిండిన సంగతి ఏ పుస్తకంలో వెతికేది? మనింటి పుస్తకం మనమే రాసుకోవాలి.

రాసేటప్పుడు వంటతోనే ఆగిపోవద్దు తల్లీ. తలకాయ ముక్క ఎవరి కంచంలో పడేది, పులుసు అడుగున మిగిలిన మామిడి టెంక కోసం ఎవరెవరు పోట్లాడుకునేవాళ్ళు, ఇవన్నీ రాయి. పెద్దవాళ్ళను "మీ చిన్నతనం గురించి చెప్పండి" అని అడిగితే ఏమీ చెప్పలేరు, "ఏముందిలే" అంటారు. చిన్న చిన్నవి అడుగు. మీ ఇంట్లో పొయ్యి ఎటు పక్కన ఉండేది? గ్యాస్ ఎప్పుడొచ్చింది, మొదట దాని మీద ఏం వండారు? తుఫాను నాడు ఏం తిన్నారు?

ఈ చివరి మాట నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు నన్నడిగావు, గుర్తుందా? అప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు. 1984 నవంబరులో శ్రీహరికోట పక్క తీరం దాటిన తుఫానప్పుడు నేను పుట్టింట్లో ఉన్నా, మీ అమ్మ చంటిది. గాలికి పైకప్పు సగం లేచిపోయింది. కట్టెలన్నీ తడిసినాయి. మా అమ్మ అటక మీద కొబ్బరి మట్టలు నాలుగు ఎండుగా ఉంటే దించి, ఒకే కుండలో మూడిళ్ళవాళ్ళకూ గంజి కాచింది. నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళు నంజుకుని తాగాం. ఆ గంజికి కొలతలేమీ లేవు. కానీ మనింటి పుస్తకంలో మొదటి పేజీ దానికే ఇవ్వాలి.

అయితే ఒక మాట. చెబుతూ చెబుతూ ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే పుస్తకం మూసి పక్కన కూర్చో. వద్దన్నది రాయొద్దు. ముచ్చట కంటే మనిషి ముఖ్యం.

"మనలాంటివాళ్ళ బతుకులు రాసుకుంటే ఎవరు చదువుతారవ్వా" అంటావేమో. మన నెల్లూరు పొణకా కనకమ్మ గారి సంగతి చూడు. 1892లో పుట్టి, చిన్నప్పుడే పెళ్ళయి, నెల్లూరులో ఆడపిల్లల చదువు కోసం 1923లో కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన తల్లి. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయింది. 1963లో ఆవిడ కన్నుమూసింది. ఆవిడ రాసుకున్న జీవితకథ 'కనకపుష్యరాగం' పేరుతో అచ్చయింది మాత్రం ఆవిడ పోయిన నలభై యేళ్ళ పైచిలుకుకు. అన్నేళ్ళు ఆ కాగితాలు చెదలు తినకుండా ఉండబట్టే, ఒకరు పూనుకుని అచ్చు వేయించబట్టే ఆవిడ గొంతు ఇవాళ మనకు వినిపిస్తోంది. రాసేవాళ్ళు ఒకరుంటే చాలదమ్మా. దాచేవాళ్ళు కూడా ఉండాలి.

దాచడంలో నేను చేసిన పొరపాటు కూడా విను. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు మన ఇందుకూరుపేట ఇంట్లోకి నీళ్ళొచ్చినాయి. నా వంటల పుస్తకం బల్ల కింది సొరుగులో ఉంది. సిరాకలంతో ఎంతో ముచ్చటగా రాసుకున్నా. తీసి చూస్తే పేజీ నిండా నీలం మరకలు. అదే సొరుగులో మీ ముత్తవ్వ పెన్సిలుతో రాసిన పాల లెక్కలు మాత్రం అక్షరం చెక్కుచెదరలేదు. సముద్రం పక్కన, ఏరు పక్కన బతికేవాళ్ళం మనం. పెన్సిలుతోనో బాల్‌పెన్నుతోనో రాయి. పుస్తకం అటక మీదో బీరువా పై అరలోనో పెట్టు. తడిస్తే ఎండలో పెట్టొద్దు, పేజీల మధ్య పొడికాగితాలు పెట్టి నీడన ఫ్యాను గాలికి ఆరబెట్టు.

ఇంకా, ఒకే చోట ఉన్నది ఎప్పటికైనా పోయేదే. పుస్తకం జిరాక్సు తీయించి మూడు ఊళ్ళలో మూడిళ్ళలో పెట్టండి. ఫోన్‌లో ఫోటోలు తీసి మీ అన్నకు పంపు. మాటలు కూడా రికార్డు చెయ్యి. పులుసు తెర్లేటప్పుడు మా అమ్మ "ఇప్పుడు చూడు, నూనె నవ్వతా ఉంది" అనేది. ఆ మాట రాసుకున్నా. ఆ గొంతు నా దగ్గర లేదు. నా గొంతు నీ దగ్గర ఉండాలని నా ఆశ.

చిన్నప్పుడు నిన్ను బారాషహీద్ దర్గాకు రొట్టెల పండుగకు తీసుకుపోయేదాన్ని. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఎవరో తెలియని ఒకమ్మ నీ చేతిలో చదువుల రొట్టె పెట్టింది. కోరిక తీరితే మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలని చెబితే, "నేనెవరికియ్యాలవ్వా?" అని దారి పొడుగునా అడిగావు. మా అమ్మ చేతిలోంచి నేను తీసుకున్నాను. కొంత జారవిడిచాను, మిగిలింది నీ చేతిలో పెడుతున్నా. ఎవరికియ్యాలో ఇప్పుడు నీకు తెలుసు.

ఈ శనివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. త్రాసు ఇంకా తిరిగివ్వలేదు. ముందర పెట్టుకుని కూర్చుంటా.

మీ అవ్వ