తోటమాలి గొడ్డలి

నైరుతి ఋతుపవనము రాకమునుపే మన నగరోద్యానములలో గొడ్డళ్ళు, రంపములు లేచును. నిన్నటిదాక నీడ నిచ్చిన చెట్టు నేడు మొండెమువలె నిలుచును. చూచినవారిలో కొందఱు ఇది పాపమందురు. కొందఱు ఇంకను కొట్టవలసినదందురు. ఉభయులును ఇంటికి పోవుదురు. చెట్టు అచ్చటనే యుండును.

ఇట్లు నఱకుటకు కారణములు లేకపోలేదు. కొమ్మలు విద్యుత్తీగెలకు తగులును. దీపస్తంభముల వెలుగు నడ్డగించును. ఎండుకొమ్మ క్రిందనే పిల్లలాడుదురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు కూలిన చెట్లకు లెక్కలేదు. అట్టి దినమును చూచినవారు భయపడుట సహజము. పుచ్చిన కొమ్మను చూచియు అహింస పేర విడిచిపెట్టువాడు తన బాధ్యతనుండి తప్పించుకొనుచున్నాడు, అంతియే.

అయినను ఆ భయము తీర్చుకొనుటకు అవలంబించు ఉపాయమే భయకారణమును పెంచుచున్నది. చెట్టు ఎండలో ఆకులతో వండుకొని బ్రతుకును. తలనంతయు కొట్టివేసినచో వేళ్ళలోను మానులోను దాచుకొన్న పిండిపదార్థమును వ్యయించి, బెరడుక్రింద నిద్రించు మొగ్గలను త్వరత్వరగా మేల్కొలుపును. రెండు వానలకే పచ్చని గుబురు! కొట్టుటవలన ఎంత ఏపుగా పెరిగినదో యని జనులు మెచ్చుకొందురు. వారు చూచుచున్నది ఆకలిగొన్న ప్రాణి ఆరాటమును. పాతకొమ్మ మాను లోతునుండి ఏటేటి పొరలతో పెనవేసికొని వచ్చినది; క్రొత్త రెమ్మలు పైపొరలను మాత్రమే పట్టుకొని వ్రేలాడును. వానిక్రింద మోడు కుళ్ళుచుండును. కొన్నియేండ్లకు అవి బరువెక్కి గాలికి విఱుగును. అమెరికా అటవీశాఖ శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది మానులను చీల్చి పరిశీలించి, చెట్టు తన గాయమునకు లోపల గోడ కట్టి వేఱుచేయగలదే కాని పాడైన కొయ్యను బాగుచేసికొనలేదని తెలిపెను. కొమ్మ మొదట నుండు ఉబ్బును చెదరనీయక కోయవలెననియు, ఎదిగిన చెట్టునుండి ఒక్కమాఱు నాలుగవవంతుకంటె ఎక్కువ ఆకు తీయరాదనియు వృక్షసంరక్షకులు నియమము పెట్టుకొన్నది ఇందువలననే.

మనుస్మృతి గృహస్థుని యింట ఐదు హింసాస్థానములను చెప్పినది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ. ఇవి లేక సంసారము సాగదు. తప్పనిది గనుక దోషము లేదని మాత్రము స్మృతి చెప్పలేదు. నిత్యము పంచమహాయజ్ఞములచే ఆ ఋణమును తీర్చుకొమ్మన్నది. ఉద్యానములోని గొడ్డలిదెబ్బయు ఈ కోవకు చెందినదే. చిక్కెల్ల ఋణస్థుడెవ్వడను చోటనే యున్నది. పొయ్యికి గృహస్థుడున్నాడు. అందఱి ఉద్యానమునకో? ఫిర్యాదు చేసినవాడొకడు, ఆజ్ఞ యిచ్చినవాడొకడు, కూలికి కొట్టినవాడు మఱియొకడు. మఱుసటి యేడు ఆ మోడు చిగిర్చినదో కుళ్ళినదో చూచుట వీరిలో ఎవ్వరి పనియు కాదు. నిందయంతయు కూలివానికే దక్కును. చెట్టుపై కనబడువాడు అతడే గదా!

నిజమునకు మొదటి దెబ్బ నాటిననాడే పడినది. విస్తారముగా పెరుగు చెట్టును తీగెలక్రింద నాటుదురు. మొదట మూరెడు మన్నయినను విడువక సిమెంటు పోయుదురు. ఢిల్లీలో చెట్ల చుట్టును ఒక మీటరు మేర సిమెంటును తొలగింపుడని 2013లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆజ్ఞాపింపవలసి వచ్చినది. లేతమొక్కకు కంచె కావలెనని శ్రీరామకృష్ణులు చెప్పిన ఉపమానము అందఱెఱిగినదే. మనవారు కంచె వేసి మఱచిపోవుదురు. బొటనవ్రేలంత రెమ్మను కత్తెరతో తీసిన సరిపోవు కాలము జరిగిపోయి, ఇరువదియేండ్లకు తొడంత కొమ్మను కొట్టవలసివచ్చును.

బేలూరు మఠమువలెనే గంగ పశ్చిమతీరమున, హౌరా శిబ్‌పూర్ ఉద్యానమున ఒక మహావటవృక్షమున్నది. 1864, 1867 తుపానులలో అది దెబ్బతిన్నది. పిమ్మట శిలీంధ్రము సోకి నడిమి మాను కుళ్ళినది. 1925లో ఆ మూలకాండమునే తొలగించిరి. ఇంతకంటె పెద్ద కోత ఊహింపశక్యము కాదు. అయినను పని ముగిసినదని ఎవ్వరును చేతులు దులుపుకొనలేదు. లేత ఊడలు నేలను చేరువఱకు మాలులు వెదురుగొట్టముల ఆసరా నిచ్చి కాపాడుచు వచ్చిరి. 2020 మే నెలలో ఆంఫన్ తుపాను మఱల దెబ్బతీసినది. నడుమ మాను లేని ఆ వృక్షమును నేడు మూడువేలకు మించిన ఊడలు మోయుచున్నవి.