వేగము - నిగ్రహము

పాతకాలపు మోటారుకారును, నేటి స్పోర్ట్సుకారును ప్రక్కప్రక్కన నిలిపి చూచువారు సాధారణముగా రెండు తెగలుగా చీలుదురు. ఆనాటి నెమ్మదియే మేలని కొందరు, ఈనాటి వేగమే అభివృద్ధియని కొందరు వాదింతురు. ఇందు ఏది సత్యము?

1908 మొదలు 1927 వరకు అమెరికాలో నిర్మింపబడిన ఫోర్డు 'టి' మోడలును తీసికొందము. దాని బలము 20 అశ్వశక్తులు. మిక్కిలి వేగము గంటకు 65, 70 కిలోమీటర్లు. తొలినాళ్లలో కారు ముందు నిలిచి, చేతితో హాండిలు త్రిప్పి ఇంజనును నడపింపవలసి యుండెను. స్పార్కు మీటను ముందుగా సరిచేయుట మరచినచో హాండిలు ఎదురుతిరిగి మణికట్టు విరుగుటయు కలదు. 2005లో వెలువడిన బుగాట్టి వేరాన్ బలము 1001 అశ్వశక్తులు; వేగము గంటకు 407 కిలోమీటర్లు. అందు స్పార్కు మున్నగువానిని యంత్రమే సరిచేసికొనును.

యంత్రబలము ఏబదిరెట్లు పెరిగినది. మరి నడుపువాడో? అపాయమును గుర్తించి కాలిని బ్రేకుపై మోపుటకు మానవునకు నాడును నేడును ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ సెకనులో మొదటి కారు సుమారు 18 మీటర్లు పోవును. రెండవది పూర్తివేగమున 113 మీటర్లు పోవును. మనుష్యుడు మారలేదు, అతని పొరపాటునకు మూల్యము మాత్రము పెరిగినది.

ఇంతమాత్రమున పాతకారు సాధువనియు, క్రొత్తది దుష్టమనియు తలపరాదు. పాతకారు నెమ్మది నిగ్రహము కాదు, అశక్తత. ఎదిరింపలేనివాని మౌనము క్షమ యనిపించుకొనదు. ధనము లేక వ్యయము చేయనివాడు విరాగి కాజాలడు. పైగా 'టి' మోడలు ముందుచక్రములకు బ్రేకులే లేవు. వేగము రెట్టింపైనచో, అదే బరువును ఆపుటకు నాలుగింతల శక్తిని హరింపవలెను. ఇది యెరిగియే క్రొత్తకారు నిర్మాతలు బలముతోపాటు బ్రేకులను పెంచిరి. వేరాన్‌లో బ్రేకు నొక్కినప్పుడు వెనుకనున్న రెక్క సైతము పైకి లేచి గాలిని అడ్డగించి వేగమును తగ్గించును.

శక్తి పెరిగినకొలది నిగ్రహమును పెరుగవలెనను ఈ సూత్రమును యంత్రనిర్మాత పాటించెను. మనము జీవితమున పాటించుచున్నామా? విద్య, ధనము, అధికారము పెరిగినంతగా కోపమును, లోభమును ఆపుకొనగల సామర్థ్యము మనలో పెరిగినదా? కారునకు బ్రేకును ఇతరులు అమర్పగలరు. మనస్సునకు ఎవరికివారే సాధనచే అమర్చుకొనవలెను.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును కళ్లెముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను వర్ణించినది. ఆ గుఱ్ఱములను దుర్బలము చేయుమని అచ్చట చెప్పబడలేదు. సారథికి వశమై యుండవలెననియే చెప్పబడినది. అట్టి రథికుడే గమ్యమును చేరును. కావున రథము పాతదా, క్రొత్తదా యను వాదమునకు ముందు ప్రతివాడును తన్ను తాను అడుగవలసినవి రెండు కలవు: కళ్లెము ఎవరి చేతియందున్నది? పయనము ఎచ్చటికి?