అమ్మయ్య, దొంగ దొరికాడు!

వీధిలో దొంగతనం జరిగిందనుకోండి. పోయిన గొలుసు దొరికిందా లేదా అన్నది ఆ ఇంటావిడ బాధ. తక్కిన వీధికంతటికీ కావలసింది ఒక్కటే, ఎవడో ఒకడు పట్టుబడటం. జీపెక్కించి తీసుకుపోయారని వినగానే "అమ్మయ్య" అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోతాం. తీసింది వాడేనా అని అడిగేవాళ్లు తక్కువ.

ఈ "అమ్మయ్య" సంగతి ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1893లోనే పట్టుకున్నాడు. శిక్షవల్ల నేరస్థుడు బాగుపడతాడన్న నమ్మకం ఆయనకు అట్టే లేదు. నేరం చెయ్యని మనబోటివాళ్ల మనసు కుదుటపడటానికి, తప్పు తప్పేనని అందరం కలిసి మళ్లీ ఒకసారి అనుకోవటానికి శిక్ష పనికొస్తుందన్నాడు. బి.ఏ. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చే ముక్కగా ఉన్నంతవరకూ దీనితో పేచీ లేదు. నిజమైతేనే చిక్కు. మన మనసు కుదుటపడటానికి అసలు దొంగే కావాలని ఏముంది? ఎవడైనా చాలునేమో!

అనుమానమైతే మన స్టూవర్టుపురాన్ని తలుచుకోండి. తెల్లదొరలు 1871లో నేరస్థ తెగల చట్టమని ఒకటి తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ఫలానా కులంలో పుడితే చాలు, దొంగ! పోలీసు పుస్తకంలో పేరు, వేలిముద్ర, హాజరు. ఊరు దాటాలంటే చీటీ. అలా బాపట్ల దగ్గర ఎరుకలవాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్మెంటే స్టూవర్టుపురం. చట్టాన్ని 1952లో రద్దుచేశారు. కాని ఊరి పేరు చెప్పగానే కనుబొమలు ముడిచే అలవాటును ఏ పార్లమెంటు రద్దుచెయ్యగలదు? జాషువాగారి అమ్మాయి హేమలతా లవణంగారు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు. దొంగలని పేరుపడ్డవాళ్లను మార్చటం ఒక ఎత్తు, చూసే మన కళ్లను మార్చటం మరో ఎత్తు. రెండోదే కష్టమని నా అనుమానం.

పుట్టుకతో దొంగ అనే మాట పోయింది సరే, ఇప్పుడు జైళ్లలో ఉన్నదెవరు? 2022 లెక్కల్లో, ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు ఇంకా విచారణ తేలనివాళ్లే. అంటే దోషులని ఏ జడ్జీ చెప్పలేదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల గుట్టు బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువకాలం విచారణ కోసమే లోపల మగ్గినవాళ్లున్నారు పాపం! సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది.

దొంగల్ని వదిలెయ్యమంటున్నానా? లేదమ్మా. గొలుసు పోయిన ఆవిడ కన్నీళ్లూ నిజమే. కాని ఎవణ్ణో లోపల పెడితే ఆవిడ గొలుసు తీసినవాడు ఇంకో వీధిలో తిరుగుతుంటాడు కదా!

2024 జులైలో అమల్లోకొచ్చిన కొత్త చట్టం కొంత నయం. ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకుండా, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, మీద వేరే కేసులు లేనివాడు, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలంటుంది. బాగానే ఉంది. వదిలాక వాడు మన వీధికే వస్తాడు. కేసు కొట్టేసిన కాగితం ఆ తరవాతెప్పుడో చేతికొచ్చినా, తోటపనికో, డ్రైవరుగానో పెట్టుకునేముందు మనం పక్కింటావిడను గొంతు తగ్గించి అడిగేది ఒకటే.

"ఏదో కేసులో ఉండేవాట్ట కదండీ?"